ఉశీరమంటే ఏమిటి?

కిందటి చలికాలంలో ఆక్లండులో ఒక మిత్రుని ఇంట కొందరము కూడి శాకుంతలం తృతీయాంకం తెలుగులో చదువుకున్నాము. కణ్వశిష్యుని మాటలు చదువుతున్న అమ్మాయి ఇక్కడ పుట్టిన పిల్ల. "ఉశీరమంటే ఏమిటండీ?" అని ఆగింది. "ఎండకు రాసుకునే క్రీము లాంటిదమ్మా" అని తేల్చేశాము. అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే ఘట్టం చెడిందని తరువాత తోచింది.

ఉశీరం మన వట్టివేరే. వేసవి మధ్యాహ్నం కిటికీకి కట్టిన వట్టివేళ్ళ తడిక మీద నీళ్ళు చల్లితే వచ్చే గాలి ఎరిగినవారికి ఆ లేపనం అలంకారం కాదు, వైద్యం. శకుంతలకు ఎండదెబ్బ తగిలిందని ప్రియంవద చెబితే శిష్యుడు నమ్మి, గౌతమి చేత శాంతిజలం పంపుతానంటాడు. రాజు మాత్రం ఇది ఎండ వల్లనా, లేక తన మనసులో అనుకుంటున్నదేనా అని సందేహిస్తాడు. జబ్బేమిటో నిజంగా తెలియనిదే చికిత్స మొదలుపెట్టలేమని అనసూయ అంటుంది. (మన సభ్యులలో వైద్యులున్నారు గనుక ఈ మాట వారికే వదిలేస్తున్నాము.) మందు నిజమైనదే, జబ్బే వేరు. ఇదంతా వట్టి శృంగారవర్ణన అని దాటవేసేవారితో మాకు పొత్తు కుదరదు. మందు మీద నమ్మకం లేని ప్రేక్షకుడికి, అది పనిచేయలేదన్న సంగతి ఎలా తడుతుంది?

దర్భమొన గుచ్చుకున్న లేడిపిల్ల నోటికి ఇంగుదీతైలం, అంటే గారనూనె, పూసినదీ ఈమే. అక్కడ మందు పనిచేసింది. నాలుగో అంకంలో ప్రయాణవేళ వెనుకనుంచి చీర లాగేది ఆ లేడే.

ఇక విషానికి వస్తే ముద్రారాక్షసం. బంగారు పాత్రలో మందు రంగు మారడం చాణక్యుడు కనిపెట్టాడు. దానిని తెచ్చిన వైద్యుడి చేతనే తాగించారు. తెలివైన కథే గాని, మొక్క పేరు లేదు. హామ్లెట్ తండ్రి చెవిలో పోసిన హెబెనాన్ ఏ మొక్కో పండితులు నేటికీ తేల్చలేదు. రోమియో జూలియట్ లోని సన్యాసి మాత్రం ఒకే పువ్వులో విషమూ మందూ ఉన్నాయంటాడు. ఈ దేశంలో ఉన్నవారికి అది వింత కాదు. టుటు గింజ ప్రాణాంతకం. గింజలు వడకట్టి ఆ పండ్ల రసాన్నే మావోరీలు వాడుకున్నారు. వారి మందుమొక్క కవకవ మన తమలపాకు కుటుంబానిదే.

అమ్మాయికి మాత్రం బాకీ పడ్డాము. వట్టివేళ్ళు తెప్పిద్దామంటే విమానాశ్రయంలో ప్రతి వేరూ చూపించవలసిందే. చివరకు ఒక ఇంట పాత వట్టివేరు అత్తరు సీసా దొరికింది. గుడ్డకు అద్ది ఇచ్చాము. "వాన పడ్డ మట్టిలా ఉంది" అని, పేజీ వెనక్కి తిప్పి మొదటినుంచి చదివింది.