టక్కుమన్న తర్వాత

నడుం పట్టేసి చికిత్సకు వెళ్లొచ్చినవాళ్లు తరచూ చెప్పే మాట, ‘టక్కుమంది, పూస సర్దుకుంది’ అని. మంగలి షాపులో మెడ విరిపించుకునేవాళ్ల నమ్మకమూ అదే. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో వెన్నుకు చేసే చేతివైద్యమైన కైరోప్రాక్టిక్‌ను మొదలుపెట్టిన డి.డి. పామర్ కూడా పక్కకు జరిగిన పూసను చేత్తో నెట్టి చోటికి తెస్తున్నాననే అనుకున్నాడు. కానీ ఆ శబ్దం పూస కదిలినందుకు వచ్చేది కాదు. కీలు విచ్చుకోగానే లోపలి ద్రవంలో ఒత్తిడి పడిపోయి చిన్న ఖాళీ ఏర్పడుతుంది; శబ్దం దానిదే. మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ ఆ శబ్దమే.

మరి కలిగిన ఉపశమనం అబద్ధమా? కాదు. ఆ నెట్టుడుకు పట్టేది సెకనులో చిన్న భాగమే అయినా, వెన్ను లోతు కండరాల నుంచి మెదడుకు ఒక్కసారిగా సంకేతాలు వెళతాయి. 2007లో పరిశోధకులు హైడీ హావిక్, బెర్నడెట్ మర్ఫీ మెడ బిగుసుకుపోయే కొందరికి ఈ చికిత్స చేసి, మణికట్టు నాడికి ఇచ్చిన విద్యుత్ స్పర్శకు మెదడు ఎలా స్పందిస్తుందో కొలిచారు. స్పందన మారింది. అయితే ఆ మార్పు నిలిచింది సగటున 20 నిమిషాలే. నా వాదనంతా ఈ 20 నిమిషాల మీదే. చేతివైద్యం మెదడును కాసేపు కదిలిస్తుంది. దానికి కొత్త అలవాటు నేర్పాల్సింది సాధనే. మామూలుగా మనం చెయ్యి ఎత్తబోతే, చెయ్యి కదలకముందే పొట్ట చుట్టూ పట్టీలా ఉండే లోపలి కండరం బిగుస్తుంది. నడుంనొప్పి ఉన్నవాళ్లలో అది ఆలస్యంగా బిగుస్తుందని 1996లో పరిశోధకులు హాడ్జెస్, రిచర్డ్‌సన్ చూపించారు. 2010లో సావో పరిశోధక బృందం అలాంటివారిలో కొందరితో రెండు వారాలు ఆ ఒక్క కండరాన్నే మెల్లగా, శ్రద్ధపెట్టి బిగించే సాధన చేయించింది, మరికొందరిని నడిపించింది. సాధన చేసినవారి మెదడులో ఆ కండరాన్ని నడిపే ప్రాంతపు పటం ఆరోగ్యవంతుల పటానికి దగ్గరగా జరిగింది, కండరమూ ముందుగా స్పందించింది. నడిచినవారిలో ఆ మార్పు రాలేదు.

ఇవి కొద్దిమందితో చేసిన ప్రయోగాలే కదా, మెదడు పటం మారితే నొప్పి పోతుందా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పటం మారడం, నొప్పి తగ్గడం ఒకటి కావు. నడక వృథా అనీ దీని అర్థం కాదు; నొప్పికి నడకా మేలే చేస్తుంది. 2019లో 47 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష కూడా, దీర్ఘకాల నడుంనొప్పికి చేతివైద్యం వ్యాయామం వంటి ఇతర చికిత్సలతో దాదాపు సమానమే తప్ప మిన్న కాదని తేల్చింది. అయితే వ్యాయామాన్ని ఇంట్లో, ఎవరి చెయ్యీ పడకుండా, రోజూ చేసుకోవచ్చు. మెడను విసురుగా తిప్పడంలో మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని చిరిగే ప్రమాదం, అరుదుగానైనా, ఉంది. కాబట్టి మెడను మంగలి కుర్చీలో అప్పగించకండి. ఫిజియోథెరపిస్ట్ రాసిచ్చిన వ్యాయామాల కాగితాన్ని, నొప్పి తగ్గిన మర్నాడు కూడా, తీసి చూడండి.