గొల్లభామ వెనక్కి ఎందుకు చూసింది?

నరసరావుపేట చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి కోటప్పకొండ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. బయటివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. కొండకావూరు యాదవుల పిల్ల ఆనందవల్లి. పెళ్ళి మాటే లేదు, రోజూ కొండెక్కి జంగమదేవరకి పూజ చేసుకుని దిగుతుంది. దారిలో బిందె మీద వాలి నీళ్ళు ఒలకబోసిన కాకిని శపించింది ఈవిడే. ఇప్పటికీ ఆ కొండ మీద కాకి వాలదంటారు. ఆమె పట్టుదల ఎంతో చూడాలని జంగమయ్య ఆమెకు గర్భం తెప్పిస్తాడు. ఆమె మానదు. నిండు కడుపుతోనే ఎక్కుతుంది. చివరికి ఆయనే దిగొచ్చి, ఇంత కష్టపడి నువ్వు రానక్కర్లేదు, నేనే మీ ఇంటికొస్తా, ముందు నడువు, వెనక్కి మాత్రం చూడకు అంటాడు. సగం దారిలో చూసేస్తుంది. ఆయన అక్కడే గుహలో లింగమైపోతాడు. ఆమె బిడ్డను కని శివుడిలో కలిసిపోతుంది.

గుడి దగ్గర అమ్మే పుస్తకంలో చదివినా, హరికథలో విన్నా, యూట్యూబ్‌లో చూసినా బరువంతా ఒకచోటే పడుతుంది. తొందరపడి వెనక్కి చూసింది, ఫలం పోగొట్టుకుంది. నాకు మాత్రం కథలో అసలు మలుపు అంతకుముందే ఉందనిపిస్తుంది. గర్భం ఇచ్చింది ఆయన, జాలిపడింది ఆయన, షరతు పెట్టింది ఆయన. నీకేం కావాలమ్మా అని ఆమెని అడిగిన వెర్షన్ నేనింతవరకూ వినలేదు.

దేవుడి కథలో ఈ లెక్కలేంట్రా అంటారు మావాళ్ళు. కానీ ‘ఇంత కష్టపడి రానక్కర్లేదు’ అనే మాట దేవుడొక్కడే అంటాడా? మా ఆవిడ ఆరో నెలలో ఉన్నప్పుడు కొండకి మెట్లదారిలోనే వెళ్దామంది. అమ్మా నేనూ కలిసి వద్దన్నాం. డాక్టర్‌ని అడిగాం, మెల్లగా నడిస్తే పర్లేదన్నారు. అయినా వద్దన్నాం. “నా కోసం వద్దంటున్నావా, లోపలున్న బిడ్డ కోసమా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఘాట్ రోడ్డులో కారులో వెళ్ళాం. దారంతా ఎవరూ మాట్లాడలేదు.

ఈ కథని తిరగరాస్తే గొల్లభామని ఆ గర్భాన్ని ధిక్కరించిన మనిషిగా చూపించడం తేలిక. మన దగ్గర పురాణాల్ని తిరగరాసే పద్ధతి అలవాటైపోయింది కూడా. కానీ ఈ కథ దానికి లొంగదు. ఆమె గర్భాన్నీ వద్దనలేదు, కొండనీ వదల్లేదు. రెంటినీ మోసింది. తల్లికీ కడుపులో బిడ్డకీ తగాదా అని మనం అనుకునేది ఇక్కడ వాళ్ళిద్దరి మధ్యా లేదు. మూడోమనిషి వచ్చి పెట్టాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ తగాదా ఎప్పుడూ మూడోమనిషి పెట్టిందే అంటే అబద్ధమవుతుంది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టుకి ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడ వచ్చింది. ప్రసవం తర్వాత వచ్చిన మానసిక జబ్బుకి మందులు వాడుతోంది. పాలిచ్చే రోజులు కావడంతో మళ్ళీ గర్భమొచ్చిన సంగతే ఆలస్యంగా తెలిసింది. కోర్టుకి వచ్చేసరికి దాదాపు 26 వారాలు. చట్టం కొందరికి ఇచ్చే గరిష్ఠ గడువు 24. ముందు సరేనన్న ఇద్దరు జడ్జిలు, బిడ్డ గుండె ఆపాలా అని ఎయిమ్స్ డాక్టర్ అడిగేసరికి విడిపోయారు. తన మనస్సాక్షి ఒప్పుకోవడం లేదన్నారు జస్టిస్ హిమా కోహ్లీ. ఆవిడ నిర్ణయాన్ని గౌరవించాలన్నారు జస్టిస్ నాగరత్న. చివరికి 16వ తేదీన ముగ్గురు జడ్జిల బెంచ్ కుదరదంది.

ఇక్కడ గొల్లభామ కథ నాకు దారి చూపించదు. బిడ్డ నిజం, తల్లి భయమూ నిజం. నేను నాగరత్న గారి వైపే, కానీ హాయిగా కాదు. ఆ గుండె చప్పుడు నేనూ స్కానింగ్ రూములో విన్నవాణ్ణే. ఒకటి మాత్రం గమనించాను. ఆ కేసులో ఓడిపోయినా, ఆవిడకేం కావాలో చివరిదాకా రికార్డులో ఉంది. కొండ కథలో అదీ లేదు.

ఇప్పుడు మా పాపకి ఈ కథ మా ఆవిడే చెప్తుంది. ఆవిడ చెప్పేటప్పుడు వెనక్కి చూడటం తప్పు కాదు. ఎందుకలా మార్చావని అడిగితే, “కడుపుతో కొండ దిగేది తను. వెనకొచ్చేవాడు నిజంగా వస్తున్నాడో లేదో చూసుకోదా?” అంది.