వాక్యభేదములు: పేరు ఒకటి, లక్షణము వేఱు

1858లో వెలువడిన బాలవ్యాకరణమున పది పరిచ్ఛేదములు కలవు. వాక్యమునకు ప్రత్యేకపరిచ్ఛేదము లేదు. సామాన్య, సంయుక్త, సంశ్లిష్ట విభాగమును మన పాఠశాలా వ్యాకరణములు ఆంగ్లపద్ధతి ననుసరించి గైకొన్నవి. పేర్లు సరిపోయినను లక్షణములు సరిపోలేదని మేము తలంచుచున్నాము.

‘రాముడు వచ్చి కూర్చుండెను’ అనుదానిని మన బడులలో సంశ్లిష్టమందురు. ఇందు ‘వచ్చి’ క్త్వార్థకము; సమాపకక్రియ ఒక్కటే. ఆంగ్లమున కాంప్లెక్సు వాక్యమునకు ప్రధానోపవాక్యము, దాని నాశ్రయించిన ఉపవాక్యము రెండును ఉండవలెను. ‘రామా కేమ్ అండ్ సాట్ డౌన్’ అనుచో ఆశ్రితోపవాక్యమే లేదు. తెలుగు పేరును నమ్మిన విద్యార్థి దీనిని కాంప్లెక్సు అని వ్రాసి మార్కులు పోగొట్టుకొనును. ఆ దోషము వానిది కాదు. రెండు లక్షణములకు ఒక్క పేరు పెట్టిన మనది. కావున బోధకులు ముందుగా సమాపకక్రియలను గుర్తింపజేసి, ఉపవాక్యములను విడదీయించి, పిమ్మటనే పేరు చెప్పుట మేలని మా అభిప్రాయము.