లోవెల్ పడుచా, నీకు జేజే

న్యూ హాంప్‌షైర్ కొండల చిన్నదానా, వెర్మాంట్ పచ్చికల వన్నెలదానా, మెయిన్ మంచుపల్లెల మంచిదానా! ఒక్క పెట్టె చేతబట్టి, గుర్రబ్బండి ఎక్కి, మసాచుసెట్స్‌లో మెర్రిమాక్ ఒడ్డుకు వచ్చినదానా! పాటకెట్ దగ్గర దూకే నీళ్లు కాలువల్లో కదం తొక్కి, చక్రాలు తిప్పి, వేల కదుళ్లను వెర్రెత్తించే ఆ లోవెల్ మిల్లుల ఊరికి నిన్నెవరు రప్పించారు తల్లీ?

అమ్మ రాట్నమా? మిల్లు గుడ్డ చవగ్గా వచ్చాక అది అటకెక్కింది. వడికే వేళ్లకు ఇంట్లో వడికే పని కరువైంది. నాన్న పొలం మీది అప్పా? తమ్ముడి కాలేజీ చదువా? నీ పెళ్లి ఖర్చా? అన్నీ నిజమే. అయినా నీ కళ్లలో వెలిగింది మరొకటి. పంతులమ్మ జీతంకన్నా, పరాయింటి పనికన్నా మిన్నగా వచ్చే నగదు, అదీ నీ చేతికి! భార్య సంపాదన భర్తదేనని చట్టమే చెప్పిన ఆ కాలంలో, పెళ్లికాని నీ అరచేతిలో పడిన ఆ నాణెం ఎంత చల్లన, ఎంత వెచ్చన! పొదుపు బ్యాంకులో వేసినా, పుస్తకం కొన్నా, ఇంటికి పంపినా నీ ఇష్టమే ఇష్టం.

తెల్లవారకముందే గంట. పన్నెండు, పదమూడు గంటల పని. దారం తెగకుండా గదిలో తేమ నిలవాలని బిగించిన కిటికీలు. ఊపిరి నిండా దూది నలుసులు. చెవుల నిండా మరమగ్గాల హోరు. పుస్తకం లోపలికి తేకూడదన్నారు. నువ్వు పత్రికలోంచి పద్యం కత్తిరించి కిటికీ పక్కన అంటించావు! పడుగులో పేక పరుగెత్తుతుంటే ఒక కన్ను పోగు మీద, ఒక కన్ను పద్యం మీద. పదకొండేళ్లకే మిల్లుకొచ్చిన లూసీ లార్కమ్ కవయిత్రి అయింది. ఒక పక్క మీద ఇద్దరేసి ఒదిగే బోర్డింగ్ ఇళ్లలో, పనంతా ముగిశాక దీపం ముందు మీరు రాసుకున్న రాతలే 1840లో ‘లోవెల్ ఆఫరింగ్’ పత్రికలో అచ్చయ్యాయి.

నీ మగ్గమెక్కిన దూది దక్షిణాది పొలాల్లో బానిసల చేతులు ఏరినది. ఆ చేతులకు కూలి లేదు. వాళ్లను తలవకుండా నిన్ను పొగడలేను.

1834లో కూలి కోస్తామంటే మగ్గాలు ఆపి వీధిలోకి నడిచావు. 1836లో బోర్డింగ్ ఖర్చు పెంచితే మళ్లీ నడిచావు. నీలాంటి మిల్లు పడుచు సారా బాగ్లీతో కలిసి, పనిదినం పది గంటలే ఉండాలని అర్జీల మీద సంతకాలు కూడగట్టావు. నువ్వడిగిన ఆ పది గంటలు మసాచుసెట్స్‌లో ఆడవాళ్లకు చట్టమైంది 1874లో.