కళ్లంలో ఆగిన కత్తి

మన కళ్లాల్లో గింజలు కొలిచే రైతు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. ఏడో కుంచం దగ్గర ‘ఏడు’ అనడు. ఆ అంకెలో ఏడుపు వినిపిస్తుందని ‘ఆరున్నొకటి’ అంటాడు. దున్నింది నేనైనా పండించింది నేను కాదన్న వెరపు ఆ లాభంలో ఉంది. నిండిన గాదె పక్కనే కన్నీరు పొంచి ఉంటుందన్న ఎరుక ఆ ఆరున్నొకటిలో ఉంది. అయ్యో దావీదూ! గొర్రెలు కాచిన చేతులవాడా, సితారా తీగలతో సౌలు రాజు కలతను జోకొట్టినవాడా! రాజ్యం నిండాక నీలో ఆ వెరపు ఏ గట్టున జారిపోయింది?

ప్రజను లెక్కపెట్టమన్నావు. నెత్తురు చూసి ఏనాడూ జంకని సేనాధిపతి యోవాబే ఆ మాటకు జంకాడు. ఈ ముచ్చట నీకెందుకు ప్రభూ అని అడ్డం పడ్డాడు. రాజు మాటే గెలిచింది. ఉత్తరాన దాను నుంచి దక్షిణాన బెయేర్షెబా దాకా, యొర్దాను దాటి, కొండలెక్కి, లోయలు దిగి లెక్కగాళ్లు తిరిగారు. 9 నెలల 20 రోజులు! ఒక తల్లి బిడ్డను మోసి కనేంత కాలం. అంత కాలం నొప్పులు పడి ఆ దేశం కన్నది ఒక అంకె. ఇశ్రాయేలులో కత్తి దూసేవాళ్లు 8 లక్షలు, యూదాలో 5 లక్షలు. ఊయల ఊపే చేతులు ఆ లెక్కలో లేవు, రొట్టె కాల్చే చేతులూ లేవు. కత్తి పట్టే పిడికిళ్లే ఉన్నాయి. జనాన్ని లెక్కించే వేళ తలకు అర తులం ప్రాణవిమోచనగా దేవునికి చెల్లించాలని, అప్పుడే తెగులు దరిచేరదని మోషే ధర్మశాస్త్రం ముందే చెప్పింది. తల నీది కాదు, తలలో ఆడే ఊపిరి నీది కాదు అని గుర్తుచేసే చిన్న వెండి తునక అది. ఆ అర తులం చప్పుడు ఈ కథలో ఎక్కడా వినిపించదు.

లెక్క చేతికందిన గడియలోనే రాజు గుండె గుద్దుకుంది. తెల్లవారేసరికి దీర్ఘదర్శి గాదు గుమ్మంలో నిలిచాడు, దేవుని మాటగా మూడు శిక్షల్లో ఒకటి ఎంచుకోమన్నాడు. ఏడేళ్ల కరవా? శత్రువు తరుముతుండగా మూడు నెలల పరుగా? మూడు రోజుల తెగులా? మూడు దారులూ శ్మశానానికే. మనుషుల చేతిలో పడటం వద్దు, దేవుని చేతిలోనే పడతానన్నాడు రాజు. కొట్టే చేతిలోనే కనికరం ఉందని నమ్మడం ఎంత వింత, ఎంత భయం, ఎంత భక్తి!

తెగులు! మన బైబిలులో ఆ చావుకున్న పేరు అది. మన పొలాల్లో పైరును కాల్చే రోగానికీ అదే పేరు. పాలు పోసుకుంటున్న కంకి ఉన్నట్టుండి తెల్లబోయినట్టు పల్లెలు తెల్లబోయాయి. పొద్దున నీళ్లకు వెళ్లిన కడవ మాపటికి ఇల్లు చేరలేదు. 70,000 మంది! చెప్పడానికి ఒక్క గుక్క చాలు, ఏడవడానికి ఎన్ని తరాల కన్నీళ్లు కావాలి? కత్తుల లెక్కకు తొమ్మిది నెలలు పట్టింది. కట్టెల లెక్కకు మూడు రోజుల గడువే ఎక్కువైంది.

బైబిలులో ఒక గ్రంథం ఈ కథను దేవుని కోపంతో మొదలుపెడుతుంది, మరొకటి సాతాను ప్రేరణతో. ఆ రెండింటి నడుమ నిలబడి నేను తల వంచుకుంటాను. తప్పు చేసినవాణ్ని నేను, ఈ గొర్రెలేం చేశాయని రాజే గొల్లుమన్నాడు, నన్నూ నా తండ్రి ఇంటినీ కొట్టమన్నాడు. కిరీటం కింద నుంచి పాత కాపరి మళ్లీ పలికిన క్షణం అది. గొర్రెల సంగతేమిటన్న ఆ ప్రశ్నకు మాత్రం గ్రంథంలో జవాబు లేదు. జవాబు లేని చోట దుఃఖానికే చోటుంది.

యెరూషలేము మీదికి తెగులు తెచ్చిన దూత కత్తి చాచాడు. అప్పుడు వినబడింది దైవస్వరం, ఇక చాలని. కత్తి ఆగిన తావు కోట కాదు, కొలువు కాదు, ఒక కళ్లం. గోధుమలు నూర్చే అరౌనా కళ్లం. అతడు యెబూసీయుడు, దావీదు గెలుచుకున్న నగరపు పాత వాసుల్లో ఒకడు. గింజ నుంచి పొల్లు విడిపోయే చోట తీర్పు నుంచి కరుణ విడివడి నిలిచింది. చూడండి, ‘చాలు’ అన్న మాట ముందు పుట్టింది, బలిపీఠం రాయి తర్వాత లేచింది. కరుణను ఎవరూ కొనలేదు. మరి ఆ కళ్లంలో బలిపీఠం కట్టమన్న ఆజ్ఞకు విధేయత? దానికి వెల ఉంది. కొనవచ్చిన రాజుతో కళ్లం ఉచితం, ఎడ్లు ఉచితం, కట్టెలకు నూర్పు సామాను ఉచితం అన్నాడు అరౌనా. ఖర్చు లేని బలి నాకొద్దన్నాడు రాజు. 50 తులాల వెండి లెక్కపెట్టి ఇచ్చాడు. ప్రజను లెక్కించి పాపం మూటగట్టుకున్న చేతులు ఈసారి తమ సొమ్మును లెక్కించాయి. దావీదు జీవితంలో అంతకన్న వినయమైన లెక్క లేదు.

ఆ నేలే మోరీయా అంటుంది దినవృత్తాంతముల గ్రంథం. కొడుకు ఇస్సాకు మీద అబ్రాహాము ఎత్తిన కత్తి ఆగింది కూడా మోరీయా దేశపు కొండ మీదే. ఆగిన కత్తుల నేల మీద దావీదు కొడుకు సొలొమోను దేవాలయం కట్టాడు. మన భాషలో ‘చాలు’ అంటే ఇక వద్దనే కాదు, నాగలి గీసిన గీత కూడా. దేవుడన్న ‘చాలు’ ఆ కళ్లంలో ఒక చాలై దిగింది, అందులోంచి గుడి మొలిచింది.

గుడి మొలిచిందని గుండె చల్లారుతుందా? దేవదారు పలకలకూ బంగారు రేకులకూ కొలతలు రాసిన గ్రంథంలో ఆ 70,000 మందిలో ఒక్కరి పేరూ లేదు. అందుకే ఈ రాత్రి నా ఊహలోని కళ్లంలో కుంచం పట్టుకుని కూర్చున్నాను, వాళ్లను ఒక్కొక్కరినీ కొలుద్దామని. మొదటి ప్రాణం దగ్గరే చేయి ఆగిపోయింది. ‘ఒకటి’ అనడానికి భయం. ‘లాభం’ అనడానికి నోరు రాదు.