రాయి వెళ్లిపోయాక మోగే వడిసెల

జహీరాబాద్ చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో యాసంగి జొన్న కంకి వేసి పాలు పోసుకునే రోజుల్లో పిట్టల కాపలా మొదలవుతుంది. తెల్లవారగానే ఒక విడత, పొద్దు వాలే ముందు మరో విడత రామచిలుకలు, పిచ్చుకలు, గిజిగాళ్లు గుంపులుగా దిగుతాయి. చేలో మంచె, మంచె మీద మనిషి, మనిషి చేతిలో వడిసెల. మెట్ట సేద్యంలో తరతరాలుగా వస్తున్న ఏర్పాటిది. చూడడానికి రెండు తాళ్లు, మధ్యలో రాయి కూర్చునే అల్లిక పట్టీ, అంతే. ఆ తాళ్ల మీద నడిచే భౌతికశాస్త్రం మాత్రం అంత చిన్నది కాదు.

ఒక తాడు కొసన ఉంగరంలాంటి ముడి ఉంటుంది. అది వేలికి తగిలించుకునేది. రెండో తాడు కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి పట్టుకుంటారు. పట్టీలో గులకరాయి పెట్టి తల మీదుగా రెండు మూడు చుట్లు తిప్పుతారు. ఆఖరి చుట్టులో మణికట్టు ఒక్క కుదుపు కుదిపి, నొక్కిన కొసను వదిలేస్తారు. పట్టీ తెరుచుకుని రాయి వెళ్లిపోతుంది. తాడు మాత్రం వేలికే ఉంటుంది.

లెక్క వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. చెయ్యి, తాడు కలిపి మీటరు వ్యాసార్ధం అనుకుందాం. సెకనుకు మూడు చుట్లు తిప్పితే రాయి వేగం సెకనుకు దాదాపు 19 మీటర్లు, అంటే గంటకు 68 కిలోమీటర్లు. ఆఖరి కుదుపు దీన్ని ఇంకా పెంచుతుంది. గాలి అడ్డును పక్కన పెడితే, వేగం రెట్టింపైనప్పుడు రాయి నాలుగింతలు దూరం పోతుంది. చిక్కంతా వదిలే క్షణంలో ఉంది. ఆ వేగంలో సెకనులో నూరోవంతు ఆలస్యమైతే రాయి దిక్కు 11 డిగ్రీలు మారిపోతుంది. 50 మీటర్ల దూరానికి అది దాదాపు పది మీటర్ల తేడా. పిట్టల కాపలాలో గురి తప్పినా నష్టం లేదు. రాయి తగలనక్కర్లేదు, కంకుల మధ్య సరసరమంటూ పడితే చాలు, గుంపు లేస్తుంది.

చెయ్యి తిరిగినవాళ్లు విసిరినప్పుడు రాయి కంటే ముందు చప్పుడే పిట్టల్ని లేపుతుంది. ఆ ‘ఠప్’ రాయిది కాదు, వదిలేసిన తాడు కొసది. చెయ్యి ఆగుతుంది, వేలికున్న తాడూ దాంతోపాటు నిలబడిపోతుంది. బరువు దిగిన రెండో తాడు మాత్రం ముందుకు దూసుకుపోతుంది. నిలిచిన పాయకూ పరుగెత్తే పాయకూ మధ్య గుర్రపు లాడంలాంటి మడత ఒకటి పుట్టి కొసదాకా జారుతుంది. అది జారేకొద్దీ కదిలే పాయ పొట్టిదవుతుంది. ఉన్న శక్తి అంతా తక్కువ బరువులోకి చేరుతుంది. కదిలే బరువు నాలుగోవంతుకు తగ్గి, శక్తి తగ్గకుండా ఉంటే వేగం రెట్టింపు కావాలి. కొస సన్నగా పేనిన నారైతే ఆ వేగం మరింత పెరుగుతుంది.

ఎడ్లు తోలే చెర్నాకోల ఛెళ్లుమనేదీ ఇందువల్లే. పిడి దగ్గర లావుగా, కొసకు పోయేకొద్దీ సన్నగా అల్లడం అందం కోసం కాదు. 1998లో జర్మనీలో పీటర్ క్రేల్ బృందం వేగంగా తీసే కెమెరాలతో కొరడాను పరిశీలిస్తే, చప్పుడు పుట్టేసరికి కొస వేగం ధ్వని వేగానికి రెట్టింపు దాటింది. ధ్వని వేగాన్ని దాటిన వెంటనే మోగాల్సింది, అంతదాకా ఎందుకు ఆగింది? అరిజోనా విశ్వవిద్యాలయంలో అలెయిన్ గోరియెలీ, టైలర్ మెక్‌మిలన్ 2002లో దీనికి జవాబు చెప్పారు. మోగేది కొస కాదు, మడత. ఒక పాయ నిలిచి, రెండోది కదులుతున్నప్పుడు మడత వేగం కదిలే పాయ వేగంలో సగమే ఉంటుంది. మడత ధ్వని వేగాన్ని అందుకునేసరికి కొస దానికి రెట్టింపులో ఉంటుంది.

చేపల వేటలో ఈ మడత మీదే నిలబడ్డ విద్య ఫ్లై కాస్టింగ్. మంజీర ఒడ్డున గాలం వేసేవాళ్లు దారానికి సీసపు గుండు కడతారు, గుండు బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై కాస్టింగ్‌లో గాలానికి కట్టేది ఈకలతో, దారంతో చేసిన పురుగు బొమ్మ. దాన్ని విసిరితే గాలిలోనే చతికిలబడుతుంది. అందుకని బరువును లావుపాటి లైన్‌లోనే పెడతారు. కర్రను వెనక్కి ఊపి, లైన్ వెనక పూర్తిగా చాపుకున్నాక ముందుకు తెచ్చి టక్కున ఆపుతారు. కర్ర కొస ఆగితే లైన్ దాన్ని దాటిపోతుంది. అక్కడ ఆ మడతే లూప్‌గా పుడుతుంది. కర్ర కొస సరళరేఖలో సాగితే లూప్ ఇరుకుగా వచ్చి గాలిని చీల్చుకుపోతుంది. కొస వంపుగా తిరిగితే లూప్ వెడల్పై గాలికి లొంగిపోతుంది. మధ్యలో కొస దిగి లేస్తే పై పాయ కింది పాయకు అడ్డం పడి చిక్కుపడుతుంది. లైన్ లావు కాబట్టి గాలి దాని వేగాన్ని తినేస్తుంది, అది మామూలుగా చెర్నాకోలలా మోగదు. పురుగు నీళ్ల మీద మెత్తగా వాలాలంటే కావలసిందీ అదే.

వడిసెల, చెర్నాకోల, ఫ్లై కర్ర మూడింటిలోనూ కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే: బలంకొద్దీ ఊపుతూ చేతిని చివరిదాకా పోనివ్వడం. చెయ్యి కూడా పరుగెత్తుతుంటే పదునైన మడత పుట్టదు. ఊపును క్రమంగా పెంచి ఒక్కసారిగా ఆపడమే ఇందులో నేర్చుకోవలసిన విద్య.

వడిసెల చరిత్ర పొడుగైనది. టూటన్‌ఖామన్ సమాధిలో వడిసెలలు దొరికాయి. రోమన్ సైన్యాలు బలియారిక్ దీవుల వడిసెలగాళ్లను కూలికి పెట్టుకున్నాయి. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకులు లేని ఊళ్లు వడిసెలనూ కారప్పొడినీ నమ్ముకున్నాయి.

ఇప్పుడు జహీరాబాద్‌లోనే ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది, ఎడ్లతోపాటు చెర్నాకోల పట్టే చేతులూ తగ్గాయి. చెరుకు, పత్తి, సోయా వచ్చాక జొన్న తగ్గి మంచెలూ పలచబడ్డాయి. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాలను నిలబెట్టి, ఏటా పాత పంటల జాతర జరుపుతున్నాయి. పంట మిగిలిన చోట కాపలా ఖర్చు పెద్ద బెడద. దిష్టిబొమ్మకూ మెరిసే రిబ్బన్లకూ పిట్టలు నాలుగు రోజుల్లో అలవాటు పడతాయి. ఎటునుంచి ఎప్పుడు మోగుతుందో తెలియని వడిసెలకు అంత త్వరగా అలవాటు పడవు, దానికి డబ్బూ కరెంటూ అక్కర్లేదు. అయితే ఊళ్లో ఒక్కరే జొన్న వేస్తే చుట్టుపక్కల పిట్టలన్నీ ఆ చేలోకే దిగుతాయి. అప్పుడు వడిసెల ఒక్కటీ సరిపోదు. పక్కపక్క చేలవాళ్లు ఒకే అదనున విత్తుకుంటే నష్టం అందరికీ పంచుకుపోతుంది, ఒక మంచె మీది చప్పుడు రెండు చేలకు పనికొస్తుంది.