మేడ మీద షవర్: ఒక ప్లంబర్ పనితనం

బోరు మోటారు ఎంత హుషారుగా తోసినా దాని పని డాబా మీది ట్యాంకు దాకానే. అక్కడి నుంచి నీళ్లు దిగేది సొంత బరువుతోనే. పది మీటర్ల ఎత్తు నీళ్లుంటే చదరపు సెంటీమీటరుకు సుమారు కిలో ఒత్తిడి వస్తుంది. ట్యాంకును స్లాబు మీదే కూర్చోబెడితే దాని అడుగుకూ పై అంతస్తు షవర్‌కూ మధ్య ఎత్తు మీటరుకు మించదు. అంటే కిలోలో పదోవంతు. కింది వాటా వాళ్లకు ఇంకో మూడు మీటర్లు కలిసొస్తాయి, హాయిగా షవర్ కింద నిలబడతారు. ట్యాంకును నెత్తిన పెట్టుకున్న పైవాళ్లు మాత్రం బకెట్టూ మగ్గూ వెతుక్కుంటారు.

మా బంధువుల ఇంట్లో ఈ తిప్పలు తీర్చిన ప్లంబర్ పని దగ్గరుండి చూశాను. ప్రెషర్ పంపు పెట్టెయ్యమని ఇంటాయన తొందర. "పంపు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు సార్, ముందు ఉన్న ప్రెషర్ ఎక్కడ పోతోందో చూద్దాం" అన్నాడతను. పాత పైపు ట్యాంకు నుంచి దిగి, పిట్టగోడ దగ్గర మళ్లీ అడుగెత్తు లేచి, గోడ దాటి కిందికి పోయేది. ఆ మూపురంలో గాలి చిక్కుకుంటే ఇంత తక్కువ ఒత్తిడికి అది కదలదు. గోడ మొదట్లో కన్నం చేసి పైపును ఏకవాలుగా దింపాడు. గాలి పోవడానికి నిలువు పైపొకటి పెట్టి, దాని కొసను ట్యాంకు నీటి మట్టం కన్నా పైకి లేపాడు. తక్కువైతే నీళ్లు అందులోంచే పొర్లుతాయి మరి.

ముప్పావు అంగుళం పైపు తీసేసి అంగుళంన్నర వేశాడు, షవర్ దగ్గర మాత్రమే అరంగుళం. అన్నే నీళ్లు సగం వ్యాసం పైపులో పోవాలంటే రాపిడి నష్టం సుమారు 30 రెట్లు పెరుగుతుంది. ఈ లెక్క అతనికి తెలుసో లేదో, చేతికైతే తెలుసు.

అతుకు వేసే తీరే నన్ను కట్టిపడేసింది. కోసిన పైపు లోపలి అంచున మిగిలిన పొట్టును చాకు మొనతో గీకేశాడు. ఫిట్టింగులోకి ఎంత దూరం పోవాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాడు. సొల్యూషన్ పల్చగా పూసి, పావు చుట్టు తిప్పుతూ దూర్చి, కాసేపు కదలకుండా పట్టుకున్నాడు. దట్టంగా పూస్తే మిగిలింది లోపలికి నెట్టుకుపోయి గట్టుకడుతుంది, దారి ఇరుకవుతుంది. బయటికి కనిపించని ఈ శుభ్రతకు మనం విడిగా రూపాయి కూడా ఇవ్వం.

ట్యాంకును రెండు మీటర్ల ఇనప స్టాండు ఎక్కించారు. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు, అందుకని స్టాండు కాళ్లు స్లాబు నడుమ కాకుండా బీముల మీద పడేలా చూశాడు. దాంతో మీటరు ఎత్తు మూడయింది. గీజరు లైనూ చన్నీళ్ల లైనూ ఒకే పైపు నుంచి తీశాడు కాబట్టి వేడి, చల్లన రెండూ సమంగా కలుస్తున్నాయి.

ఆఖరికి చిన్న పంపు కూడా పెట్టాడు, ట్యాంకు అవుట్‌లెట్ పక్కనే. దాని చుట్టూ నాన్‌రిటర్న్ వాల్వుతో బైపాస్ కట్టాడు: కరెంటు పోతే నీళ్లు బైపాస్‌లోంచి మామూలుగా దిగుతాయి, పంపు నడిచేటప్పుడు వెనక్కి తిరిగిరావు. అటూ ఇటూ యూనియన్లు ఉన్నాయి, పంపు చెడితే పైపు కొయ్యకుండా విప్పుకోవచ్చు. ఇంటాయన తెచ్చిన పెద్ద పళ్లెమంత రెయిన్ షవర్‌ను మాత్రం పక్కన పెట్టించి చిన్నది బిగించాడు. బోరు నీళ్ల సున్నానికి కన్నాలు పూడితే విప్పి వెనిగర్‌లో నానబెట్టమని ఇంటావిడకు చెప్పి వెళ్లాడు.